పాఠానికో రాయి

ఫోన్ తెర మీద సార్ పేరు కనిపించగానే, అవతలి వారు మాట్లాడే లోపే నేను అందుకున్నాను. "రాయి దొర్కింది సార్. ఈసారి శానా లోపల దాచిండ్రు" అన్నాను. వినిపించింది సార్ గొంతు కాదు, ఆయన భార్యది. "సారు లేడు తమ్మీ. పొద్దుగాల్నే పోయిండు." నేను కండ్లకోయలో మా చిన్న వెబ్‌సైట్ల ఆఫీసులో ఉన్నాను. చుట్టూ అందరూ ఎవరి పని వారు చేసుకుంటున్నారు. ఆమె ఫోన్ పెట్టేసిన తర్వాత కూడా నేను చాలాసేపు నిలబడే ఉన్నాను.

ఆ ముందు రోజు సార్ బ్లాగు కింద నేనొక వ్యాఖ్య పెట్టాను. ఆయన చూసి ఆమోదిస్తే తప్ప అక్కడ ఎవరి మాటా బయటికి కనిపించదు. రోజూ ఉదయం టీ తాగుతూ ఆ పని చేసేవారు. ఆ ఉదయం నా వ్యాఖ్య కనిపించకపోతే, టీ ఆలస్యమైందనుకున్నాను.

ఆయన నాకు బడిలో చదువు చెప్పిన వారు కారు. మేడ్చల్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత ఇంగ్లిష్ బ్లాగులు చదివి, వెబ్‌సైట్లు తయారుచేసే పనిని తనంతట తాను నేర్చుకున్నారు. నేర్చుకున్నదాన్ని నేర్చుకున్నట్టుగా తెలుగులో తన బ్లాగులో రాశారు. దాన్ని చదివి బతుకుదారి మార్చుకున్న వారిలో నేనొకణ్ణి.

అప్పట్లో నేను షామీర్‌పేట దగ్గర ఒక విత్తనాల గోదాములో సరుకు చూసుకునేవాణ్ణి. చదువు డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. జాబితాలు రాయడం మాత్రం నాకు పుట్టుకతో వచ్చింది. పెళ్ళికి పిలవవలసిన వారి నుంచి ఇంట్లో మార్చవలసిన బల్బుల వరకు అన్నీ వరుసగా రాసి పెట్టుకుంటేనే నాకు నిద్ర పడుతుంది. ఆ జాబితాలను కంప్యూటర్‌లో పెట్టి, అవి తమంతట తామే సర్దుకునేలా చేయవచ్చని విని కోడింగ్ మీదికి మనసు పోయింది. కోచింగ్‌కు వెళ్ళే వయసు దాటిందనిపించి బ్లాగులు చదవడం మొదలుపెట్టాను. ఇంగ్లిష్ బ్లాగుల్లో మొదటి పేరా అర్థమయ్యేది. రెండో పేరా "ఇది మీకు తెలిసే ఉంటుంది" అని మొదలయ్యేది. నాకు తెలిసి ఉండేది కాదు. ఉదాహరణలన్నీ విమానం టిక్కెట్లూ పిజ్జాలూ.

అలా వెతుకుతుండగా సార్ బ్లాగు దొరికింది. మొదటి పాఠంలో ఆయన తయారుచేయించిన పేజీ మేడ్చల్ నుంచి షామీర్‌పేటకు వచ్చే బస్సుల వేళలు. నేను రోజూ ఎక్కే బస్సు. గుర్తులు, బ్రాకెట్ల నడుమ ఆ బస్సును చూసి, ఇది నాలాంటి వాడి కోసమే ఎవరో రాశారని నమ్మాను. పేజీలోని భాగాలను ఆయన ఒకదానిలో ఒకటి ఇమిడే డబ్బాలుగా చెప్పేవారు. రంగులూ అందాలూ ముందే అడిగిన వారికి, గోడ లేచాకే సున్నమని జవాబిచ్చేవారు.

ప్రతి పాఠం నెత్తిన ఒకే వాక్యం ఉండేది: "ఈ పాఠంలో ఒక రాయి ఉంది. ఏరుకోండి." బియ్యంలో రాయిలా, ఇచ్చిన కోడ్‌లో ఎక్కడో ఒక చిన్న తప్పు కావాలని దాచేవారు. ఒకచోట మూయవలసిన గుర్తు మూసి ఉండదు. మరోచోట ఒక అక్షరం మారి ఉంటుంది. మొత్తాన్ని కాపీ చేసి అతికించుకుంటే పేజీ చెదిరిపోతుంది. ఒక్కొక్క వరుస చదువుతూ చేత్తో టైపు కొట్టుకున్న వారికి రాయి తగులుతుంది. దొరికిందని కింద వ్యాఖ్య పెట్టాలి, అది పేజీలో ఏం పాడుచేసిందో చెప్పాలి. ఎక్కడుందో మాత్రం చెప్పకూడదు. తర్వాత వచ్చేవాడి రాయి వాడే ఏరుకోవాలి. సార్ దాని కింద "సరే" అని రాసేవారు. అంతకు మించి ఎన్నడూ రాయలేదు. ఆ ఒక్క మాట కోసం గోదాములో బస్తాల మీద కూర్చుని నేను ఫోన్‌ను ఎన్నిసార్లు తెరిచి చూసుకున్నానో చెప్పలేను.

ఆయన మేడ్చల్‌లోనే ఉంటారని తెలిసినప్పుడు, నా సందేహాలన్నీ వరుసగా కాగితం మీద రాసుకుని ఇంటికి వెళ్ళాను. సార్ కాగితాన్ని మొదటి నుంచి చివరి వరకు చదివారు. మళ్ళీ మడిచి నా జేబులోనే పెట్టారు. "నాకు జెప్తే నేనొక్కన్నే వింట. బ్లాగు కింద అడుగు తమ్మీ. నీ అసుంటోళ్ళు మస్తు మంది ఉన్నరు. సిగ్గువడి అడగరంతే." నేను అడిగాను. నా ప్రశ్నల కింద, నాకూ ఇదే అనుమానమని రాసిన వారిని చూశాక, ఇంత వయసులో నేర్చుకుంటున్నానన్న బిడియం నాలో మెల్లగా తగ్గింది.

పాఠం రాసే రోజు సార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడియారం పెట్టుకుని, బడికి వెళ్ళేటట్టే తయారై కంప్యూటర్ ముందు కూర్చునేవారు. ఇంట్లో ఎవరు చూస్తారని ఆయన భార్య ఎగతాళి చేసేది. ఆయనను సార్ అన్నట్టే ఆమెను నేను అమ్మా అని పిలిచేవాణ్ణి. "పాఠం సూస్తది" అనేవారు సార్, తల తిప్పకుండానే. రాసిన ప్రతి వరుసనూ తెర మీద వేలు పెట్టి పైకి చదివేవారు. ఆ వేలిముద్రలు తుడవలేక చస్తున్నానని అమ్మ రోజూ సణిగేది, రోజూ తుడిచేది.

కండ్లకోయలో ఇంజనీరింగ్ చదివే ఒక అమ్మాయి ఒకసారి వచ్చి, ఇప్పుడు ఏఐని అడిగితే కోడ్ మొత్తం అదే రాసిస్తాంది గదా సార్, గీ రాళ్ళు ఏరుడెందుకని అడిగింది. సార్ కోపగించుకుంటారేమోనని నేను భయపడ్డాను. ఆయన నవ్వారు. "వండిపెట్టేటోడు దొరికిండు. మంచిదేనమ్మా. నమిలేటప్పుడు పన్ను నీదే గద" అన్నారు. ఆ మాట నేను ఈ రోజుకూ, నా దగ్గర కొత్తగా చేరిన ప్రతి వారికీ చెబుతున్నాను. సార్ బ్లాగు చదివి గోదాము సరుకు కోసం నేను తయారుచేసిన పేజీయే నన్ను ఆ గోదాము దాటించి ఈ ఆఫీసు దాకా తెచ్చింది.

నిరుటి నుంచి పాఠాలలో రాళ్ళు పెరిగాయి. ఒకటి ఉండవలసిన చోట రెండు, తర్వాత మూడు. సార్ పరీక్షను కఠినం చేశారని మేమంతా సంబరపడ్డాం. ఎవరు ఎక్కువ ఏరారో చెప్పుకోవడం బ్లాగు కింద ఒక ఆటగా మారింది. "ఈసారి బస్తాలో బియ్యం కన్న రాళ్ళే ఎక్కువున్నయ్ సార్" అని ఎవరో రాస్తే, దాని కింద కూడా "సరే" అని వచ్చింది. ఆఫీసు పనుల్లో పడి ఆయన ఇంటికి వెళ్ళలేకపోతున్న నేను ఫోన్‌లోనే, బియ్యం మార్చుర్రి సార్ అని పరాచికమాడాను. "మిల్లు పాతవడ్డది తమ్మీ" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం.

దినాలు అయిపోయాక అమ్మ నన్ను పిలిపించింది. సార్ లాప్‌టాప్ తెరిచి ముందు పెట్టింది. ఆమోదం కోసం ఆగి ఉన్న వ్యాఖ్యలలో ఒకటి చూపించింది. రాసింది ఎవరో కొత్త మనిషి. ఈ రాసినాయనకు కోడింగ్ రాదని, అన్నీ తప్పులేనని, చదివి సమయం పాడుచేసుకోవద్దని ఉంది.

"మొత్తం బంద్ పెట్టు తమ్మీ" అంది అమ్మ. "ఇన్నేండ్లు లెక్కలు జెప్పిండు. తప్పు జెప్పిండని ఒక్కడు గూడ అనలే. పోయినంక గీ మాట వడాల్నా?"

అది రాళ్ళ సంగతి తెలియని వాడి మాట అని నేను సముదాయించబోయాను. ఆమె తల అడ్డంగా ఊపింది. అప్పుడు చెప్పింది. తలలో గడ్డ ఉందని డాక్టర్లు చెప్పి ఏడాది దాటిందట. ఎవరికీ చెప్పవద్దన్నారట సార్. తెర మీద అక్షరాలు అలుక్కుపోతున్నాయనేవారట. ఒక్క పాఠానికి రోజుల తరబడి కూర్చునేవారట. "రాయి ఆయన పెట్టేది ఒక్కటే. తక్కినయి సేతులకెళ్ళి జారినయే" అంది.

ఆమె చెప్పుకుపోయింది. చివరి నెలల్లో వ్యాఖ్యలన్నీ ఆమే పైకి చదివి వినిపించేదట. పేజీలో ఏం చెడిందని ఎవరు రాశారో వింటూ, ఇగో ఇది నేను పెట్టింది గాదు అని పట్టుకునేవారట. కళ్ళు సహకరించినప్పుడు వెనక్కి వెళ్ళి దిద్దుకునేవారు, సహకరించనప్పుడు వదిలేసేవారు. ఒకనాడు అన్నారట: "పిల్లలు మంచిగున్నరు. నేను మర్షిపోయినకాడల్ల వాళ్ళే ఎదురొస్తున్నరు." మేము ఆటగా రాసిన ప్రతి మాటనూ ఆయన చేతికర్రలా పట్టుకుని నడిచారన్నమాట.

కొన్నాళ్ళు గడువడిగి ఇంటికి వచ్చాను. నాకు తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. నిరుటి పాఠాలన్నిటినీ మళ్ళీ చేత్తో కొట్టాను. దొరికిన తప్పులను రెండు వరుసలలో రాయబోయాను: సార్ పెట్టినవి ఒకవైపు, చేయి జారినవి మరోవైపు. వెంటనే మూడో వరుస కావలసివచ్చింది: ఏవో తెలియనివి. అదే అన్నిటికన్నా పొడుగైంది. అన్నీ దిద్దితే రాళ్ళన్నీ పోతాయి. రాళ్ళు లేనిది ఆయన బ్లాగు కాదు. అలాగే వదిలేస్తే ఆ కొత్త మనిషి మాటే నిజమన్నట్టుంటుంది. నేను రాసిన జాబితాలలో ఏ పనికీ రాకుండా పోయింది అదొక్కటే.

మళ్ళీ మేడ్చల్ వెళ్ళి, నాతో కాలేదని చెప్పాను. అయితే మూసేయమంది అమ్మ. మూయడానికే బ్లాగు లోపలికి వెళ్ళాను. అక్కడ రాసిపెట్టి ఇంకా బయటికి విడవని పాఠం ఒకటి కనిపించింది.

"గది ఆఖరుది" అంది. "మంచం వట్టే ముందట రాసిండు. ఆ దినం గూడ ఇస్త్రీ అంగీ కావాలన్నడు. గుండీలు నేనే వెట్టిన."

ఈ ఒక్కటీ కొట్టి చూస్తానని, ఇదీ తప్పులమయమైతే ఈ రోజే మీరన్నట్టు మూసేస్తానని చెప్పాను. ఆమె సరేనని సార్ మంచం మీద కూర్చుంది. నేను ఆయన కుర్చీలో కూర్చున్నాను. నెత్తిన అదే వాక్యం ఉంది: ఈ పాఠంలో ఒక రాయి ఉంది. కింద మొదటి పాఠంలోని బస్సుల పేజీయే మళ్ళీ వచ్చింది. ఈసారి గడియారాన్ని చూసుకుని, షామీర్‌పేటకు తర్వాత వచ్చే బస్సు ఏదో దానంతట అదే చెప్పే పేజీ. నేనూ ఆయనలాగే తెర మీద వేలు పెట్టి వరుస వెంట వరుస చదువుతూ కొట్టాను. ఇప్పుడు తగులుతుంది, ఇప్పుడు తగులుతుందని ప్రతి వరుస దగ్గరా ఆగి చూశాను. చివరికి వచ్చి పేజీ తెరిచాను. తెరుచుకుంది. తర్వాతి బస్సు, దాని కింద వేళ. గడియారం మార్చి చూశాను. బస్సు మారింది. మొదటి నుంచి మళ్ళీ చదివాను.

"తప్పులున్నయా?" అంది అమ్మ.

"ఒక్కటి గూడ లేదమ్మా."

"మరి రాయి?"

"అది గూడ లేదు."

ఆమె తెర వంక చూసింది. "మర్షిపోయిండా? వద్దనుకున్నడా?" అని అడిగింది. ఏ జవాబు చెప్పినా అది నేను కల్పించి చెప్పినట్టే అవుతుంది. ఆమె లేచి వచ్చి, దీన్ని అందరికీ కనిపించేటట్టు పెట్టమంది. పెట్టాను. తర్వాత నా చేతిని పక్కకు జరిపి, ఆ కొత్త మనిషి వ్యాఖ్యను తానే వెతికి ఆమోదించింది. "ఉండనీ. సారు ఎవ్వలి నోరు ఆపలే" అంది. బ్లాగు మూయమన్న మాట ఆ తర్వాత ఆమె ఎత్తలేదు. ఆయన జబ్బు సంగతి ఈ కథలో రాయడానికి కూడా ఆమే ఒప్పుకుంది.

ఇప్పుడు ఉదయం పూట టీ గ్లాసు పక్కన పెట్టుకుని వ్యాఖ్యలను ఆమోదించే బొత్తాన్ని నొక్కేది అమ్మే. నేనూ రోజూ వెళ్ళి ఆ చివరి పాఠం కింద చూస్తాను. సార్ లేరని తెలియని వారెవరెవరో వస్తున్నారు, ఒక్కొక్క వరుస చేత్తో కొట్టుకుంటున్నారు, వెతుకుతున్నారు. సార్, దొరకలేదు. సార్, రెండోసారి కొట్టినా దొరకలేదు. సార్, ఇంత లోపల ఎన్నడూ పెట్టలేదు. ఒకదాని కింద ఒకటి ఆ వ్యాఖ్యలు దిగుతున్నాయి. ప్రతి దాని కింద ఒక్క "సరే" పట్టేంత ఖాళీ ఉంది.