బావగారి తప్పుల చదువు

మా బావకు ముందు తానే ఓ తప్పు చెబితేగానీ ఒప్పు తలకెక్కదు. కోపం కొద్దీ నేనంటున్న మాట కాదిది, ఆయన నిండు క్లాసులో లేచి నిలబడి స్వయంగా చెప్పుకున్నది. కోపం సంగతి తర్వాత వస్తుంది, చాలానే వస్తుంది.

మా అక్క మొగుడూ నేనూ ఒకే లాండ్రీలో, ఒకే బాయిలర్ గదిలో పనిచేస్తాం. ఊళ్లోని ఆస్పత్రుల దుప్పట్లన్నీ మా ఆవిరితోనే ఉడుకుతాయి. ఇరవై ఏళ్లు మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఈ ఏడు ఉన్నట్టుండి, రాతపరీక్ష పాసవనివాళ్లు బాయిలర్ ముట్టుకోకూడదని మేనేజరు నోటీసు అంటించాడు. రాసేది ఒక్కసారే. తప్పితే తడి దుప్పట్ల బండి తోసే పని. నా నడుము సంగతి నాకు తెలుసు. ఎనిమిదో తరగతిలోనే పుస్తకాలకు దండం పెట్టేసిన నా బుర్ర సంగతి ఇంకా బాగా తెలుసు.

ఆ పరీక్ష కోసం పెట్టిన సాయంత్రం క్లాసు మొదటిరోజున మాస్టారు, పెద్దయ్యాక చదివేవాళ్లు తమకు చదువు ఏ దారిన ఎక్కుతుందో ముందు తెలుసుకోవాలన్నారు. ఒకాయన బొమ్మ చూస్తే గుర్తుంటుందన్నాడు. ఒకావిడ పదిసార్లు రాయాలంది. నాకు ఏ దారినా ఎక్కదు కాబట్టి తల వంచుకున్నాను. అప్పుడే మా బావ లేచి తన తప్పుల పద్ధతి ప్రకటించారు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఇక మొదలైంది నా ఖర్మ. సేఫ్టీ వాల్వు ఎందుకని మాస్టారు అడిగితే, ఆవిరి వృథాగా పోకుండా అని బావ జవాబు. అది ఈల వేస్తే ఏం చేయాలంటే, గట్టిగా బిగించాలట. క్లాసంతా నవ్వింది. ఆవిరి ఒత్తిడి ఎక్కువైతే బయటికి వదలడానికే ఉన్న ఆ వాల్వు పక్కనే ఇరవై ఏళ్లు అన్నం తిన్న మనిషి చెప్పాల్సిన మాటేనా అది? నా ఒళ్లు మండిపోయింది.

మర్నాడు బాయిలర్లో నీటిమట్టం చూపించే గాజుగొట్టం తుడుస్తూ మళ్లీ అందుకున్నారు.

"ఇందులో నీళ్లు కనబడకపోతే వెంటనే చన్నీళ్లు పెట్టెయ్యాలిరా."

"పెడితే బాయిలర్ పేలిపోతుంది బావా. ముందు మంట ఆపాలి."

"ఎక్కడుంది అలాగని?"

ఎక్కడుందో నాకేం తెలుసు. ఇంటికెళ్లి క్లాసు పుస్తకంలో వెతికితే నలభై రెండో పేజీలో దొరికింది. తెచ్చి ఆయన ముక్కు ముందు పెట్టాను. అచ్చుతప్పేమో అన్నారు. ఆ మాటకు నేను ఇంకో పుస్తకం సంపాదించాల్సి వచ్చింది.

మూడు నెలలు ఇదే వరస. సెలవురోజు కూడా పొద్దున్నే మా ఇంటికొచ్చి, చెప్పులు విప్పకముందే ఒక తప్పు వదిలేవారు. చేతులకు తెలిసింది నోటికెందుకు తెలియదని నిలదీస్తే, పాపం ఎంతో దిగులుగా ముఖం పెట్టేవారు. చివరికి పరీక్షహాలు గుమ్మంలోనూ ఏదో తప్పు వాగారు. గంట కొట్టేదాకా సరిదిద్దుతూనే ఉన్నాను.

ఫలితాలొచ్చాయి. నాకు డెబ్బై ఒకటి. నడుము బతికింది. కింద ఆయన మార్కులు చూశాను. తొంభై నాలుగు.

తిన్నగా అక్క ఇంటికెళ్లాను. ఆయన డ్యూటీకి వెళ్లిపోయారు. అక్క బట్టలు మడతపెడుతూ నా అరుపులన్నీ తాపీగా విన్నది.

"క్లాసు మొదలవకముందే పుస్తకమంతా నాకు అప్పజెప్పేశార్రా మీ బావ. నిన్ను చదువుకోమంటే వినవు. ఎదుటివాళ్లు తప్పు మాట్లాడితే మాత్రం ఊరుకోలేవు. నీకు చదువెక్కే దారి అదొక్కటేనన్నారు."

అంతమంది నవ్వుతుంటే సిగ్గుగా లేదా అని అక్క ఆయన్ని అడిగిందట. వాడు బండి తోస్తుంటే చూడ్డం కంటే నయమే కదా అన్నారట.

అయినా మూడు నెలలు నన్ను వెర్రివాణ్ణి చేసినందుకు నాలుగు దులిపేద్దామని లాండ్రీకి బయలుదేరాను. ఆయన నన్ను చూసి నోరు తెరవనిస్తేగా.

"పైగ్రేడు పరీక్ష కూడా ఉందటరా. ఎంత పెద్ద బాయిలరుకైనా సేఫ్టీ వాల్వు ఒకటి చాలట."

కావాలని అంటున్నారని నాకు తెలుసు. శుభ్రంగా తెలుసు.

"రెండుండాలి బావా."

"ఎక్కడుంది అలాగని?"

పైగ్రేడు పుస్తకం తెచ్చుకున్నాను. ఇప్పుడు మూడో అధ్యాయంలో ఉన్నాను. ఇంతవరకూ ఆ మనిషి చెప్పినదాంట్లో ఒక్క ముక్కా నిజం కాదు.