ఫోన్ పలికిన పేరు

దయ్యాలంటే నాకు ముందు నుంచీ నవ్వే. శ్మశానం గోడ పక్కన రెండేళ్లు కిరాయికి ఉన్నాను, ఒక్కనాడూ భయపడలేదు. ఇది చదివి నన్ను పిచ్చిదనుకున్నా సరే, జరిగింది జరిగినట్టే చెబుతాను.

మా ఆయన మాదాపూర్‌లో ఆఫీసు ఉద్యోగులను తెచ్చి దింపే క్యాబ్ నడుపుతాడు. నేను ఆయనకు రెండో భార్యను. మొదటావిడ సుజాత జ్వరమొచ్చి పోయిన మూడేళ్లకు నన్ను చేసుకున్నాడు.

స్టీరింగ్ పట్టుకుని ఫోన్ చూస్తున్నాడని, ఎవరు చేస్తున్నారో ఫోనే పైకి చెప్పే సెట్టింగ్ పెడతానన్నాను. నేను హౌస్‌కీపింగ్ చేసే ఆఫీసులో ఒక మేడం నేర్పింది. పేర్లు సరిగ్గా పలకాలి కదా అని అన్నీ ఒక్కొక్కటే తెలుగులోకి మారుస్తూ కూర్చున్నాను.

డ్రైవర్లు మనుషుల పేర్లు రాసుకోరు, ఎక్కే చోటు రాసుకుంటారు. 'నల్లగండ్ల మేడం', 'హాస్టల్ గేటు సార్'. మేముండే చోటు పేరుతో నేనేమో 'మదీనాగూడ రూమ్'. నాలుగేళ్లు కాపురం చేసినా నేను రూమే! పేరుతో ఉన్నది ఒక్కతే, సుజాత. నా ఒళ్లు మండిపోయింది. చచ్చిపోయిన మనిషి మీద ఈర్ష్యేమిటని మీరనొచ్చు. నాకుంది, దాచను. ఆయనకు చెప్పకుండా ఆ నంబరు తీసేసి, నా నంబరుకు 'పద్మ' అని పెట్టాను. చేసి చూస్తే 'పద్మ' అనే పలికింది. నా కడుపు చల్లబడింది.

మర్నాటి నుంచి ఆయన గొంతు మారింది. మధ్యాహ్నం ఫోన్ చేస్తే ఎప్పుడూ "ఏందే, జల్ది చెప్పు, బండి మీదున్న" అని కసిరేవాడు. ఇప్పుడు "చెప్పురా, తిన్నవా?" అని మెత్తగా అడుగుతున్నాడు. రోజూ అంతే. పేరు పెట్టుకున్నందుకే అనుకుని మురిసిపోయాను.

ఆ ఆదివారం పొద్దున ఇద్దరం బండిలో కూరగాయలకు వెళ్తున్నాం. సరదాకి పక్క సీట్లోంచే ఆయనకు ఫోన్ కలిపాను. స్క్రీన్ మీద 'పద్మ' అని ఉంది. ఫోన్ మాత్రం 'సుజాత' అంది.

ఆయన బండి పక్కకు ఆపాడు.

"నీగ్గూడ ఇనొచ్చిందా?" అన్నాడు. "వారం సంది గిట్లనే అంటుంది. నాకొక్కనికే అట్ల ఇనబడ్తుందనుకున్న."

"ఆ నంబర్ నేనే తీసేసిన," అని ఏడ్చేశాను. ఆయన బండి తిప్పి మొబైల్ షాపుకు పోనిచ్చాడు.

మొబైల్ షాపతను ఫోనంతా వెతికాడు. సుజాత అన్న పేరు ఎక్కడా లేదు. అతను చేస్తే నంబరు చదివింది. నేను చేస్తే సుజాత అంది. మొత్తం చెరిపేసి మళ్లీ ఎక్కించినా అదే.

"ఏం సమజైతలేదక్కా. ఆ సెట్టింగే బంద్ పెట్టుకో, ఫికర్ పోతది," అన్నాడు.

బంద్ పెట్టడం ఒక్క నిమిషం పని. నేనే పెట్టనివ్వడం లేదు. అది ఎందుకలా పలుకుతుందో నాకిప్పటికీ తెలియదు, తెలిసినవాళ్లుంటే చెప్పండి. చేసేది నేనని ఆయనకు తెలుసు. అయినా ఆ పేరు వినగానే "చెప్పురా" అంటాడు. అంతకు ముందు నా ఫోనుకు ఒక్కసారీ అలా అనలేదు. అందుకే కుళ్లుకుంటూనే రోజూ ఫోన్ చేస్తున్నాను.