ఇంట్లో ఒకడికి అవిసె గింజలు

కరోనాలో లోకమంతా మూతికి మాస్కు కట్టుకుని బతికిపోతే, నేను ఆ మాస్కు మాటున ఓ అబద్ధమాడి నా కొంప నేనే ముంచుకున్నాను. నవ్వేవాళ్ళు ముందే మంచినీళ్ళు తాగి కూర్చోండి.

అప్పుడు విదేశంలో, కిల్కెన్నీ అనే ఊళ్ళో, హోటల్లో వంటవాణ్ణి. లాక్‌డౌన్‌లో హోటల్ మూతబడింది, నా నోరు మాత్రం తెరిచే ఉంది. షుగరు అంచుకొచ్చిందని, మళ్ళీ రక్తపరీక్షకల్లా తగ్గకపోతే మాత్రలేనని డాక్టరు ఫోన్లో తేల్చేశాడు. నర్సు పని చేసే మా ఆవిడ సుజాత, రోజూ రెండు చెంచాల అవిసె గింజల పొడి తినమంది. సూపర్‌మార్కెట్లో వెతికితే గింజన్నది లేదు. ఊరి చివర రైతుల సామాన్ల కొట్లో మాత్రం మూటలకు మూటలే. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు, షుగరు భయం సంచీ మీద బొమ్మెరగదు.

ఎవరికని కొట్టాయన అడిగాడు. నాకే జబ్బని చెప్పడానికి సిగ్గేసింది. "ఇంట్లో ఒకడికండీ. ఒంట్లో చక్కెర ఎక్కువైంది" అన్నాను.

"కట్టేసి మేపితే అంతే మరి. వయసెంత?"

"నలభై రెండు."

మాస్కు పైన ఆయన కళ్ళు కోడిగుడ్లయ్యాయి. "ఇంకా పళ్ళున్నాయా?"

"అన్నీ ఉన్నాయి." షుగరుకీ పళ్ళకీ ఏం సంబంధమో! ఏడో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి, నాకేం తెలుసు చెప్పండి.

"నిలబడే నిద్రపోతాడా?"

"పనెక్కువైతే పోతాడు."

ఆయన భక్తిగా తల ఊపాడు. బాగా ఉడికించి పూటకో మగ్గు పెట్టమన్నాడు. తీపి ముట్టనివ్వొద్దట, రెండు పూటలా నడిపించాలట.

తు.చ. తప్పలేదు నేను. ఆ జావ గోడకి పోస్టర్లు అంటించే జిగురే అనుకోండి. కొన్నాళ్ళకి కడుపు తిరగబడింది. ఇంటికి ఐదు కిలోమీటర్లు దాటొద్దని సర్కారు రూలు. నేను బాత్రూమ్‌కి ఐదడుగులు దాటలేకపోయాను. నడకకని బయల్దేరేవాణ్ణి, పరుగున తిరిగొచ్చేవాణ్ణి.

చివరికి సుజాత సంచీని ఇటు తిప్పింది. "ఏవండీ, దీని మీద గుర్రం బొమ్మెందుకుంది?"

నాకూ అర్థం కాలేదు. కొట్లో జరిగిన మాటలన్నీ నాచేత చెప్పించుకుని, నేల మీద కూలబడి నవ్వింది. ఆ వెంటనే రక్తపరీక్ష గుర్తొచ్చి తల పట్టుకుంది.

తీరా చూస్తే షుగరు దిగింది. నేనెంత తిన్నానో విన్న డాక్టరు, గింజల్ని చెంచాతో తినాలిగానీ మగ్గుతో కాదని మందలించి, నన్ను గట్టెక్కించింది ముఖ్యంగా నడకా, తీపి మానడమూ అన్నాడు. "ఇంతకీ ఆ సలహా ఇచ్చిందెవరు? మా పేషంట్లనూ పంపిస్తాను."

నేను నోరు తెరిచేలోపే సుజాత ఫోను లాక్కుంది. "ఆయన రెండు కాళ్ళవాళ్ళని చూడరండీ."

ఆ రోజే తూర్పుకి తిరిగి ఒట్టేసుకున్నాను: ఇక నా ఒంట్లో ఏ రోగమొచ్చినా అది నాదేనని ఊరంతా చాటుతాను, ఇంట్లో ఒకడి మీదికి మాత్రం నెట్టను.