మల్లయ్య కవితలో నా ఒక్క పంక్తి

విరూర్ స్టేషన్‌లో ఉదయం ఏడింటి ప్యాసింజర్ ఎక్కాను. చాందాకు టికెట్. కవిత్వానికి ప్రేరణ వెతుక్కుంటూ పోతున్నానని ఇంట్లో చెప్పాను. నిజానికి మల్లయ్య మీద కుళ్ళుతో బయల్దేరాను.

మల్లయ్య చాందా పక్కన బొగ్గుగనిలో పనిచేస్తాడు. అక్షరం ముక్క రాదు. మా ఊరికి వచ్చినప్పుడల్లా నోటితో కవితలు చెబుతాడు, నేను రాసి హైదరాబాదు పత్రికకు పంపుతాను. రెండు అచ్చయ్యాయి. నేను సొంతంగా రాసి పంపినవన్నీ తిరిగొచ్చాయి. పైగా నేను తెలుగు పంతుల్ని! మా రాజురా తాలూకాను బొంబాయి రాష్ట్రంలో కలిపాక బడిలో తెలుగు తరగతి ఎత్తేశారు. ఇక మిగిలింది కవినవుదామన్న ఆశ ఒక్కటే. వాడికి ఆ గనిలో దొరికేదేదో నేనూ చూసి రాద్దామనుకున్నాను.

బండిలో ఎదురుగా మిరపకాయల మూటతో ఒకావిడ కూర్చుంది. నా నోటుబుక్కు చూసి, "భూమి కాయితాలా?" అంది. కవిత్వమన్నాను. "గంతేనా!" అని కిటికీ వైపు తిరిగింది. వర్ధా వంతెన దాటాక బల్లార్షాలో బండి చాలాసేపు ఆగింది. అక్కడ భజియాలు బాగుంటాయి, కాస్త చల్లారనిచ్చి తినండి. చాందాలో దిగేసరికి పదిన్నర. కోట దర్వాజా దగ్గర టాంగాలు దొరుకుతాయి.

మల్లయ్య నాలుగింటికి గాని పైకి రాడట. అతని భార్య లచ్చవ్వ పొద్దుటి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మూడున్నరకు నన్ను గని దగ్గరి దీపాల గదికి తీసుకుపోయింది. గోడకు మేకులు, మేకులకు ఇత్తడి బిళ్ళలు.

"బిళ్ళ ఇచ్చి దీపం తీస్కపోతరు పంతులూ. మల్ల దీపమిచ్చి బిళ్ళ తీస్కుంటరు. బిళ్ళ ఈడుంటే మనిషి లోపల్నే ఉన్నట్టు. ఆ బిళ్ళ మేకు దిగేదాక నేను పొయ్యి ముట్టియ్య."

నాలుగూ పదికి మల్లయ్య వచ్చాడు. బిళ్ళ దిగింది, ఇంట్లో పొయ్యి వెలిగింది. మొహం కడుక్కుని గడప మీద కూర్చున్నాడు. "కొత్తది ఉన్నది, రాస్కో," అన్నాడు.

*బిళ్ళ గోడకున్నంత సేపు*
*మా పొయ్యి నిద్రపోతది*
*లచ్చవ్వ చూపు మాత్రం*
*మేకుకు వేలాడ్తది*

అదే గోడను నేనూ అరగంట చూశాను. బొగ్గుదుమ్ము తప్ప ఏమన్నా కనబడిందా నాకు? కడుపు మండిపోయింది. వాడికి చదవడం రాదుగదా అని కింద నా పంక్తి ఒకటి చేర్చేశాను: *చీకటి సముద్రాన దీపమొక నౌక.*

"చదువు పంతులూ, లచ్చి ఇంటది," అన్నాడు మల్లయ్య.

ఆ ఒక్కటీ వదిలేసి చదవొచ్చు. కానీ ఎవరైనా మెచ్చుకోకపోతారా అని మొత్తం చదివాను.

"సముద్రమంటే ఎట్లుంటది పంతులూ?" అంది లచ్చవ్వ.

"నేనూ చూడలేదు."

ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మల్లయ్య నవ్వలేదు. నా మొహం చూసి, "ఉండనియ్యే. ఎప్పుడు జూసినా నా మాటలే రాస్తడు పాపం. ఆయనది ఒక్కటి ఉంటే ఏమైతది? పంతులూ, కింద మనిద్దరి పేర్లు ఎయ్యి," అన్నాడు.

తిట్టినా బాగుండేది. మింగలేక కక్కలేక ఇద్దరి పేర్లూ రాశాను.

మర్నాడు ఎనిమిదింటి బండికి తిరుగు ప్రయాణం. కవులు కాదలచినవారు చాందాకు తప్పక వెళ్ళండి. మనుషులు మంచివాళ్ళు, తిండికి లోటుండదు. ప్రేరణ కూడా ఉంది, కాకపోతే అది చూసేవాడికే కనబడుతుంది.

వర్ధా వంతెన మీద కాగితం తీసి నా పంక్తి కొట్టేశాను. నా పేరు కొట్టేయడానికి మాత్రం చేయి రాలేదు. అచ్చులో నా పేరు చూసుకోవాలని ఎన్నేళ్ళుగానో ఆశ. చివరికి, విరూర్ ఇంకో స్టేషన్ ఉందనగా, దాన్నీ కొట్టేశాను.

తర్వాత ఒకసారి చదివి చూశాను. నేను పోయాక కవిత ఇంకా బాగుంది. దిగేదాకా దానికే ఏడ్చాను.