జాలీకి ఇవతలి కోళ్లు

నాచారం ఫ్యాక్టరీల వెనక మా అక్క మొగుడిదీ నాదీ కలిపి ఒకటే కోళ్ల షెడ్డు ఉండేది. తెలంగాణ ఇంకా రాలేదు. ఒకసారి షెడ్డు మధ్యలో ఇనుప జాలీ కట్టాం. అవతల బావ నీళ్లలో యాంటీబయాటిక్ పోసి పెంచాడు. ఇవతల నేను దాణాలో సూక్ష్మజీవుల పొడి కలిపాను. పెరుగులో ఉండేలాంటివే. కోడి కడుపులో చేరితే చెడ్డ క్రిములకు చోటివ్వవు, తిన్నది ఒంటికి పట్టిస్తాయి.

"పెరుగు పొడితోని బ్రాయిలర్లు పెరుగుతయారా బామ్మర్దీ? ఎవని కోళ్లు తక్కువ తూగితే వాడు షెడ్డు ఖాళీ చేసి పోవాలె" అన్నాడు బావ.

నాకు వేరే బతుకుతెరువు లేదు. అయినా రోషం కొద్దీ సరే అన్నాను.

మొదట్లో నా కోడిపిల్లలు కాస్త వెనకబడ్డాయి. తర్వాత కూడా తేరుకోలేదు. ఎందుకో అర్థంకాక పిచ్చెక్కిపోయేది.

ఉప్పల్ చికెన్ దుకాణాల బండి వచ్చిన రోజు కోళ్లను కాళ్లు కట్టి తలకిందులుగా కాంటాకు వేలాడదీశారు. రెక్కలు కొట్టుకుని, అరిచి, కొన్ని అక్కడే మెడలు వాల్చేశాయి. నావి తక్కువ తూగాయి. బావ అందరి ముందూ తొడ కొట్టాడు.

"మూట సర్దుకో, పో!"

బావ చొక్కా గల్లా పట్టాను. నా ముక్కు మీద గుద్దాడు. నోట్లోకి నెత్తురు కారింది. ఇద్దరం ఊకలో పడ్డాం. నేను గొంతు నొక్కుతుంటే అతనికి కాంటా ఇనుప రాడ్ దొరికింది. నా తల మీదికి వచ్చిన ఆ దెబ్బకు అక్క ఉరికొచ్చి చెయ్యి అడ్డం పెట్టింది. అన్ని కోళ్లు అరుస్తున్నా ఎముక విరిగిన చప్పుడు వినిపించింది.

దవాఖానాకు పోయే ఆటోలో అక్క ఏడుస్తూ చెప్పింది.

"నువ్వు ఓడలే తమ్మీ. నీ కోళ్లు బక్కగున్నయని, బావకు తెల్వకుండ ఆయన మందు జరంత జరంత నీ నీళ్లల్ల గూడ పోసిన. నిన్ను ఎల్లగొడ్తడని భయమైంది."

ఆ మందు మంచీ చెడూ చూడదు. నా పొడిలోని జీవాలన్నీ దాంతోనే చచ్చాయి. పొడీ పనిచేయలేదు, మందూ చాలలేదు. విరిగిన ఆమె చేతి కింద నా తువ్వాలు మడిచి పెట్టాను.

డాక్టర్ కట్టు కట్టి, రాడ్ తగిలి చర్మం చీలిన గాయానికి యాంటీబయాటిక్ బిళ్లలు రాశాడు. "కడుపు పాడైతది, రోజూ పెరుగు తినమ్మా" అన్నాడు.

మా ఆటో వెనకే దవాఖానాకు వచ్చిన బావ పరుగున పోయి పెరుగు ప్యాకెట్ తెచ్చాడు. నా ఒళ్లు మండిపోయింది. లాక్కుని గోడకేసి కొట్టాను. బావ పిడికిలి బిగించి మీదికొచ్చాడు.

అక్క మంచం మీంచి లేచి, కట్టు కట్టిన ఆ చెయ్యినే మళ్లీ మా మధ్య అడ్డం పెట్టింది.