గీత దాటిన కాలు

బస్సులో ఎవరి దగ్గర్నుంచైనా నొప్పుల నూనె వాసన వస్తే చాలు, ఇప్పటికీ నాకు గుండెల్లో దడ మొదలవుతుంది. మొన్న మేడ్చల్ నుంచి గుండ్లపోచంపల్లి గోదాములో పనికి వెళ్తుంటే అదే వాసన. మైదానం గట్టు మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకునే యాదగిరి సార్ గుర్తొచ్చారు. కాలేజీలో మా అమ్మాయిల కబడ్డీ జట్టుకు ఆయన డిఫెన్స్ కోచ్. కూతకు వచ్చినవాళ్లను ఎలా పట్టాలో నేర్పడమే ఆయన పని. ఒకప్పుడు జిల్లాకు ఆడిన మనిషి. మోకాలు పోయాక కాలేజీలు మారుతూ, ఎక్కడా పెద్ద కోచ్ కాలేక, ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగంతో ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చారు.

ఆయన మీద నాకు కోపాలున్నాయి, దాచను. మొదటి రోజే అందరి ముందూ "నీ నోరు ముందుగాల ఉరుకుతది, కాళ్లు ఎనుక వస్తయి" అన్నారు. ఆ మాట మరిచిపోలేదు. నేను అంచున నిలబడే కార్నర్‌ని, నా పక్కన స్వప్న. ఇద్దరం చేయీ చేయీ పట్టుకుని గొలుసులా కదలాలి. మాకు పొందిక కుదరలేదని వారం పాటు ప్రాక్టీసులో మా మణికట్లు తువ్వాలుతో కలిపి కట్టేశారు. టిఫిన్ కూడా అలాగే తిన్నాం.

"సార్, నీళ్లు తాగొస్త, జర ఇప్పుండ్రి," అంది స్వప్న.

"ఇద్దరు పోయి తాగుండ్రి. చెయ్యి ఇడిస్తే సందు దొరుకుతది బిడ్డా. కూతకొచ్చేది గా సందు కోసమే వస్తది."

ఆ ఏడాది కప్పు గెలిచాం. కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కట్టారు. ప్రిన్సిపాల్ ఫొటో, పెద్ద కోచ్ ఫొటో, ఆఖరికి స్వీట్లు పంపిన దుకాణం ఓనరు ఫొటో కూడా ఉంది. సార్‌ది లేదు. ఊరుకోలేక మూడు పేజీల ఫిర్యాదు రాసి ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టాను. సారే రాయించారని కాలేజీ వాళ్లు అనుకున్నారు. వచ్చే ఏడు జట్టు ఫైనల్‌కు వెళ్లకపోతే వేరే కోచ్‌ను చూసుకుంటామని ఆయన్ను పిలిచి చెప్పారు.

"నిన్నెవరు రాయమన్నరే?" అన్నారు సార్.

"మరి అది అన్యాయం కాదా సార్?"

"నా మొఖం ఫ్లెక్సీ మీద సూసి ఎవరు పరేషాన్ గావాలె? పో, నాలుగు రౌండ్లు ఉరుకు."

ఆ తర్వాత ప్రతి మ్యాచ్‌కూ భయపడుతూనే దిగేదాన్ని. ఓడితే నా కాగితం వల్ల ఒక మనిషి ఉద్యోగం పోతుంది. మరుసటి ఏడు సెమీఫైనల్లో ఒక్క పాయింటు ముందున్నాం, చివరి కూత. వచ్చిన అమ్మాయి నా వైపు వంగినప్పుడు ఆమె కాలు పక్క గీత దాటింది. కళ్లారా చూశాను. అంపైర్ చూడలేదు. స్వప్న చేయి వదిలేసి, గీత చూపిస్తూ "ఔట్! ఔట్!" అని అరిచాను. ఆ క్షణంలోనే ఆమె మా మధ్య దూరి, ఇద్దర్నీ తాకి, వెనక్కి దూకింది. రెండు పాయింట్లు. ఒక్క పాయింటుతో ఓడాం. నెల తిరక్కముందే సార్ కాలేజీ నుంచి వెళ్లిపోయారు.

శామీర్‌పేటలో ఒక బడిలో ఆటలు నేర్పుతున్నారని తెలిసి, నాలుగేళ్లు ఆ దిక్కుకే పోలేదు. పోయినేడు వెళ్లాను. తిడతారేమోనని గేటు దగ్గరే చాలాసేపు నిలబడ్డాను. ఆయనే చూసి వచ్చారు.

"ఏందే, ఇప్పుడు ఎవరి మీద రాస్తున్నవ్?"

నవ్వు రాలేదు. "సార్, ఆ రోజు ఆ పిల్ల కాలు గీత దాటింది."

"దాటింది. నేను సూసిన."

ఎవరో ఒకరు ఈ మాట అంటే చాలని అన్నేళ్లూ అనుకున్నాను. విన్నాక కూడా దడ తగ్గలేదు. "మరి మీరెందుకు చెప్పలే సార్?"

"చెప్పిన. రాసి గూడ ఇచ్చిన, అంపైర్లు ఇనలే. చెప్పుడు నా పని బిడ్డా. నీ పని పట్టుడు."

నేను మారిపోలేదు. గోదాములో ఇప్పటికీ ఫిర్యాదులు రాస్తూనే ఉన్నాను. కానీ ప్రతిసారీ రాసేముందు, నేను ఎవరి చేయి వదులుతున్నానోనని భయం వేస్తుంది. స్వప్న ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. నాతో మాటలు మానేసిన వాళ్లందరి మీదా నాకు ఫిర్యాదులున్నాయి. ఆమె మీద లేవు.