రజాక్ భాయ్ చేతిలో పడ్డ కొత్త ఇంజిన్

కాగజ్‌నగర్ రైల్వే గేటు పక్కన గడియారాలు బాగుచేసే రజాక్ భాయ్‌కి ఒకటే జబ్బు: కొత్త ఇంజిన్‌ను కొత్తగా ఉండనివ్వడు. ఇంజిన్ అంటే పట్టాల మీద పరుగెత్తేది కాదు, అరచేతిలో పట్టే బొమ్మ. మెరిసిపోతూ వచ్చినదాన్ని కంటికి భూతద్దం బిగించుకుని సూదిమొనతో గీకి, చాయ్ డికాషన్‌తో తుప్పు పట్టిస్తాడు. కింద జిడ్డు మరకలకు భార్య అజీజా కళ్లకు పెట్టుకునే నల్లటి సుర్మా వాడతాడు. ఆమె సుర్మా కోసం ఇల్లంతా గాలిస్తుంటే తనూ వంగి వెతుకుతాడు.

ఎదురుగా కిరాణా కొట్టు నడిపే భూమన్నకు ఇది ఎన్నడూ అర్థం కాలేదు. లోకంలో అందరూ మరకలు పోవడానికి సబ్బు కొంటారు, ఈయన మరకల కోసం బొమ్మలు కొంటాడు.

"ఇంజినన్నంక ఎండకు వానకు తిరగదా, భూమన్నా? తిరిగినట్టు కనవడాలె గదా," అనేవాడు రజాక్.

"గా బొమ్మ నీ బల్ల దిగిందే లేదు గదనే," అని భూమన్న తల గోక్కునేవాడు.

అదే వాడకట్టులో ఉండే గోపాల్ బొగ్గు గూడ్సు నడిపి రిటైరవుతున్నాడు. సన్మానానికి అందరూ చందాలేసుకుని బొమ్మ ఇంజిన్ కొన్నారు. దానిమీద గోపాల్ పేరున్న చిన్న రేకు అంటించాలి. ఆ సన్నపని చేయగలిగింది రజాక్ ఒక్కడే. దొంగ చేతికి తాళాలిస్తున్నానని తెలిసీ భూమన్న ఇచ్చాడు. రేకు తప్ప ఇంకేం ముట్టనని ఒట్టు కూడా వేయించుకున్నాడు.

మర్నాటి నుంచి భూమన్నకు బుర్ర తిరగడం మొదలైంది. గూడ్సు కూత వినబడితే చాలు, రజాక్ గిరాకీని వదిలేసి ఉరికేవాడు. గేటు దగ్గరికి కాదు, పట్టాల పక్కనున్న గోపాల్ ఇంటి గడప ముందుకు. అక్కడ నిలబడి, మెడ పైకెత్తి, తన మోచెయ్యి మడిచి చూసుకునేవాడు. ఒకసారి కొట్టుకొచ్చి గోపాల్ తువ్వాల రంగు వెలిసిందా, ఇంకా ఎర్రగానే ఉందా అని అడిగాడు. మనిషికి ఎండదెబ్బ తగిలిందనుకుని భూమన్న మజ్జిగ తాగించాడు.

సన్మానం రోజు భూమన్న డబ్బా తెరిచి చూశాడు. ఇంజిన్ నిండా ఎర్రదుమ్ము, బొగ్గు మసి, దసరా పూజనాటి బొట్టు. కిటికీలోంచి బియ్యపుగింజంత మోచెయ్యి, దానిమీద ఎర్ర పీలిక. లోపల మనిషి లేడు. ఊరందరి చందా, తన పరువు ఒక్కసారే గంగలో కలిశాయని కళ్లనీళ్ల పర్యంతమయ్యాడు.

"మనిషేడి, భాయ్?"

"అక్కర్లే. గంతే ఉండాలె."

భూమన్న తల వంచుకునే బహుమతి అందించాడు. గోపాల్ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, తన మొఖం ఏదని అడిగాడు. షామియానా కింద జనం నవ్వారు. కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చిన అతని భార్య కోమల దాన్ని తీసుకుని కళ్ల దగ్గర పెట్టుకుంది. ఆ చిన్న మోచేతిని వేలితో తడిమింది.

గోపాల్ నడిపే గూడ్సు ఇంటి ముందు ఏనాడూ ఆగేది కాదు. కూత వినగానే ఆమె రొట్టెపిండి చేతులతోనే గడపలోకి వచ్చేది. అంత ఎత్తున ఆమెకు కనిపించేది మోచెయ్యి, దానిమీద తువ్వాల, అంతే. ఆమె బయటికి రావడం అందరూ చూశారు. ఆమె ఏం చూస్తుందో చూసింది రజాక్ ఒక్కడే.

"గీ చెయ్యి కనవడితెనే నాకు ఆ పూట అన్నం సయించేది," అంది కోమల.

"మరి నా మొఖం?" అన్నాడు గోపాల్.

"ఎన్నడన్న సూపిచ్చినవా?"

భూమన్నకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ ఎగతాళి చేసినందుకు సిగ్గేసింది, రజాక్ మీద ప్రేమ పొంగింది. వెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు. ఈలోగా అజీజా ఇంజిన్‌ను తిరగేసి, కింది నలుపును వేలితో రాసి, భర్త వైపు చూసింది.

రజాక్ భాయ్ వెంటనే వంగి షామియానా కింద సుర్మా వెతకసాగాడు.